కొసరు లేని ఖాతా

శబరీనదికి ఒక దరిని బస్తరు, ఆవలి దరిని ఒడిస్సా, దిగువను మన చింతూరు కలియు చోట కోంటా యను చిన్న పట్టణము కలదు. మనవారు దానిని కుంట యనియే పిలుతురు. జగదల్పురమునుండి సుక్మా, దోర్నపాల్ మీదుగా భద్రాచలమునకు దిగివచ్చు రహదారిపై, కుంటకు ఎగువన ఇంజెరమువద్ద పడమరగా అడవిలోనికి చీలిన త్రోవ భేజ్జికి పోవును. 1323లో ఓరుగల్లు కూలిన పిదప కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు తరలివచ్చి బస్తరు రాజ్యము స్థాపించెనని అచటి రాజవంశము చెప్పుకొనును. కావున తెలుగువాడు పొట్ట చేతబట్టుకొని పరదేశమేగుట మా ప్రాంతమునకు క్రొత్త కథ కాదు. మా తండ్రిగారు కుంటలో చిన్న కిరాణా దుకాణము నడిపిరి. నేడు ఇంగ్లాండులోని రెడింగు నగరమున కూర్చుండి విదేశములందలి మన విలువలను గూర్చి వ్రాయుమని ఈ సంచిక సంపాదకులు కోరగా, నా మనస్సు ఆ దుకాణపు త్రాసు వద్దకే పోయినది.

అంగడి దినమున భేజ్జి వైపునుండి కాలినడకను వచ్చు దోర్ల తెగ స్త్రీ యొకతె మా దుకాణమునకు తప్ప మరియొక దుకాణమునకు పోయెడిది కాదు. చింతపండో, ఇప్పపువ్వో తెచ్చి తూకము వేయించి, దాని వెలకు ఉప్పు, మిరపకాయలు, పొగాకు కొనెడిది. త్రాసు సమమై ఉప్పు ఆమె కొంగులో పడినపిదప కూడ ఆమె కదలెడిది కాదు, కొంగు అట్లే చాచిపట్టి "కొసరేదయ్యా?" అని అడిగెడిది. మా తండ్రిగారు ఒక గుప్పెడు ఉప్పు తీసి మీద వేసెడివారు. అప్పుడామె కొంగు ముడివైచుకొని పోయెడిది. ఆ అడుగుటలో యాచన లేదు, ఆ ఇచ్చుటలో దానము లేదు. ఏండ్ల తరబడి ఒకే గడప త్రొక్కిన మనిషికి ఆ గడప చెల్లింపవలసిన బాకీ అది. ఇద్దరకును అది తెలియును.

అన్ని త్రాసులును అట్లుండెడివని చెప్పజాలను. బస్తరు అంగళ్ళలో ఉప్పు తూకమునకు సరితూకము సారపప్పు పుచ్చుకొన్న వర్తకులుండిరి. సారపప్పు పట్టణములలో ఏ వెలకు పోవునో అడవిబిడ్డ ఎరుగడు. ఉప్పు లేనిదే ముద్ద దిగదని మాత్రము ఎరుగును. వర్తకుడు ఈ రెంటిని ఎరుగును. ఒకరు ఎరిగి మరియొకరు ఎరుగనిచోట జరుగునది బేరము కాదు, దోపిడియే.

ఇంగ్లాండునకు వచ్చిన పిదప ఈ మాట నాకు మరల తోచినది బ్రాడ్‌బాండు విషయముననే. ఇచట ఇంటింటికి వచ్చు ఇంటర్నెట్టు కనెక్షనుకు సాధారణముగా పదునెనిమిది లేక ఇరువదినాలుగు మాసముల ఒప్పందము వ్రాయింతురు. గడువు తీరినంతనే కనెక్షను ఆగిపోదు. కాని తొలుత చూపిన తగ్గింపు ధర పోయి, పెద్ద ధర పడును. క్రొత్తగా వచ్చినవానికి తక్కువ, నమ్మియున్నవానికి ఎక్కువ. మా తండ్రిగారి దుకాణమున పాత ఖాతాకు కొసరుండెడిది. ఇచట పాత ఖాతాకే కోత. సిటిజన్స్ అడ్వైస్ సంస్థ 2018 సెప్టెంబరులో ప్రభుత్వపు పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయుచు, బ్రాడ్‌బాండు, మొబైలు, ఇంటి బీమా, గృహఋణము, పొదుపుఖాతాలు అను ఐదింటిలో ఇట్లు నమ్మియున్న పాపమునకు ప్రజలు ఏటేట 410 కోట్ల పౌండ్లు నష్టపోవుచున్నారని లెక్క చెప్పినది.

ఇటీవల ఇచటి మా తెలుగు సంఘమునందలి ఒక పెద్దావిడ ఇంటికి పోతిని. భర్త గతించినారు, కుమారుడు వేరొక ఊర నున్నాడు. రౌటరు దీపము ఎఱ్ఱబడినదని నన్ను పిలిచినది. అది సరిచేయుచుండగా, దేవుని పటము వెనుక మడచి పెట్టిన ఉత్తరము కంటబడినది.

"అమ్మా, ఇది ఎప్పుడు వచ్చింది?"

"పోయిన ఏడు వచ్చింది నాయనా. ఇంతకాలంగా వాళ్ళ దగ్గరే ఉన్నాం గదా, పాతవాళ్ళమని వాళ్ళే చూసుకుంటారనుకున్నాను."

ఒప్పందము ముగియుచున్నదని చెప్పు ఉత్తరమది. ఇరువదియేడు పౌండ్లున్న నెలబిల్లు నలువదినాలుగైనది. పదునాలుగు మాసములు గడచినవి. 238 పౌండ్లు. ఆమె మాత్రము ఆ సంస్థను మా కుంట దుకాణమువలెనే తలచి, కొసరు దానంతట అదే వచ్చునని ఎదురుచూచినది. ఆమె పొరపడినదనుటకు నాకు నోరు రాలేదు. నమ్మికకు నమ్మికయే బదులని నేర్చిన తరమది.

అప్పుడే ఫోను చేసితిమి. ఆమె తన పేరు, పుట్టినతేది చెప్పి, నాతో మాటలాడుటకు అనుమతి నిచ్చినది. ఆవల పలికిన అమ్మాయి తొలుత ముప్పదియైదు పౌండ్లకు ఇచ్చెదమన్నది. అంతకుముందే కాగితముపై వ్రాసికొన్న మాట చెప్పితిని: ఇదే వేగమును ఇదే వీధికి వేరొక సంస్థ ఇరువదియారు పౌండ్లకు ఇచ్చుచున్నది, తగ్గింపనిచో అచటికే పోయెదము. కనెక్షను వదలిపోవు వారిని నిలుపుకొనుటకు వేరుగా ఒక విభాగముండును. మమ్ము వారికి కలిపినది. ఇరువదియెనిమిది పౌండ్లకు, ఇరువదినాలుగు మాసములకు కుదిరినది. ఏప్రిలులో ఎంత పెరుగునని అడుగగా, మూడు పౌండ్లని చెప్పిరి. దానిని, తగ్గని కనీస వేగమెంతయో దానిని ఈమెయిలులో వ్రాసి పంపించుకొంటిమి. ఫోను పెట్టగానే ఆ తల్లి అన్న మాట: "పాపం, ఆ పిల్ల ఏమనుకుందో!"

ఈ మొహమాటమును గూర్చియే నేను వ్రాయదలచితిని. అడగనిదే అమ్మయినను పెట్టదను సామెత మన ఇండ్లలోనిదే. అయినను పరదేశమున అడుగుట చిన్నతనమని, పదిపౌండ్లకు బేరమాడుట మన హోదాకు తగదని భావించి, నోరుమూసికొని చెల్లించుటను మర్యాద యనుకొనుచున్నాము. అది మర్యాద కాదు. మర్యాద మన మాటతీరులో నుండవలెను: ఆవల మాటలాడునది జీతమునకు పనిచేయు మన బిడ్డవంటి బిడ్డ, ఆమెపై గొంతు పెంచరాదు; లేని ధరను ఉన్నదని చెప్పి బెదిరింపరాదు. నేను చెప్పిన ఇరువదియారు పౌండ్ల ధర నిజముగా ఉన్నదే. దొంగతూకము వర్తకునిది తప్పైనప్పుడు దొంగమాట కొనువానిదియు తప్పే.

చట్టము నేడు అడుగువాని పక్షమున కొంత నిలిచినది. నియంత్రణ సంస్థయగు ఆఫ్‌కామ్ ఆజ్ఞచే 2020 ఫిబ్రవరినుండి ప్రతి సంస్థయు ఒప్పందము ముగియుటకు పది మొదలు నలువది దినముల ముందుగా, ఇప్పటి ధర, రాబోవు ధర, తనవద్దనున్న మేలైన ధరలు తెలుపుచు ఖాతాదారునకు కబురు పంపవలెను. 2024 సెప్టెంబరు 12 నుండి సంస్థ మారదలచినవాడు క్రొత్త సంస్థకు చెప్పిన చాలును, పాతదానితో వాదులాట లేదు. 2025 జనవరి 17 తరువాత వ్రాసిన ఒప్పందములలో నడుమ పెరుగు ధరను ద్రవ్యోల్బణముతో ముడిపెట్టక, ఇన్ని పౌండ్లు, ఇన్ని పెన్సులని ముందే చెప్పితీరవలెను. యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్ వంటి సహాయము పొందువారికి పలు సంస్థలు సోషల్ టారిఫ్ అను తక్కువ ధర నిచ్చుచున్నవి. అడుగనివానికి మాత్రము అది అందదు.

ఆ తల్లికి ఇంటర్నెట్టు విలాసవస్తువు కాదు. మనుమరాలి ముఖము కనబడు కిటికీ అది. తీగ గాని టవరు గాని ఒక ఊరికి చేరుట ఎంత విలువగలదో భేజ్జి త్రోవ నెరిగినవానికి చెప్పనక్కరలేదు. 2017 మార్చి 11న ఆ త్రోవమీదనే, రోడ్డుపనికి కాపలా పోయిన సి.ఆర్.పి.ఎఫ్. జవానులు పన్నెండుగురు మావోయిస్టుల దాడిలో ప్రాణములు విడిచిరి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2024లో ఆరంభించిన నియద్ నెల్లానార్, అనగా మీ మంచి ఊరు, అను పథకము భద్రతాశిబిరముల చుట్టునున్న గ్రామములకు రోడ్డుతోపాటు మొబైలు టవరును కూడ చేర్పదలచినది. ఒక కబురు ఊరు చేరుటకు అచట అంత మూల్యము. ఇచట దేవుని పటము వెనుక దాగిన కాగితమును విప్పి చదువుటకు మనకు తీరిక చాలదా?

ఈ సంచిక చేతబట్టిన పాఠకులు నేటి సాయంకాలమే మీ ఒప్పందము ముగియు తేదీని వెదకి గోడ కాలెండరుపై వ్రాసికొనుడు. పిదప మీ వీధిలో ఒంటరిగా నున్న మన పెద్దవారి ఇంటి తలుపు తట్టి, వారి ఉత్తరమును కూడ అడిగి చూడుడు.