పెరటి చెట్టు, దొర తూకం

ఇంగ్లీషులో 'సెల్ షార్ట్' అని ఒక నుడికారం వుంది. మనిషినైనా వస్తువునైనా వున్న విలువకంటె తక్కువగా కట్టడమని దాని వాడుక. మన తరగతి గదుల్లో దీనిని 'చిన్నచూపు' అని తెనిగించి వూరుకుంటాం. కాని షేర్ల బజారులో ఆ మాటకే మరొక అర్థం వుంది. తనది కాని సరుకును అరువు తెచ్చి అమ్మి, ధర పడిపోయాక చౌకగా కొని తిరిగి యిచ్చి, నడుమ తేడాను జేబులో వేసుకోవడం. అనగా విలువ పడిపోతే లాభపడేవాడు ఒకడున్నాడు.

మన సామెతలో వాడు కనిపించడు. 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అన్నప్పుడు తప్పంతా కంటిది, నిత్యపరిచయానిది. కొంతవరకు నిజమే. జనగామ పక్కన పెంబర్తిలో రేకుమీద రూపాలను లేపే ఇత్తడి పనివారిని వరంగల్లు బస్సు కిటికీలోంచి కూడా చూడం. దూరదేశంవాడు మెచ్చితే మురిసిపోతాం. ఇట్లాంటి జబ్బుకు కళ్లు తెరవడమే మందు.

కాని వెట్టిని యీ సామెత వివరించగలదా? విసునూరు దేశ్‌ముఖు కింద చాకలి బట్టలుతికాడు, కుమ్మరి కుండలిచ్చాడు, మాదిగ చెప్పులు కుట్టాడు. కూలి సున్న. ఆ పనుల విలువ దొరకు తెలియక కాదు. తెలియకపోతే గూండాలను మేపి మరీ ఎందుకు గుంజుకున్నట్లు? పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీదికి మనుషులను పంపినవాడు ఆ ధాన్యం విలువను గింజగింజకూ ఎరుగును. అతడు తక్కువ కట్టింది పండించిన మనిషిని. ఆమె ఆ లెక్కకు ఒప్పుకోలేదు. సంఘం అండతో పంట యింటికి చేరింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిందీ యీ దొరతనం కిందనే.

దొరలు పోయారు గదా అనవచ్చు. మహబూబాబాద్, భూపాలపల్లి అడవి గూడేలకు ఎండాకాలంలో వెళ్లి చూడండి. ఆడవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి తునికాకు కోస్తారు. యాభై ఆకులకు ఒక కట్ట. ధర ఆ కట్టకే. నడిచిన దూరం, ఎండ, ఎలుగుబంటి భయం కట్టలోకి రావు. 'అడవిలో వూరికే దొరికే ఆకు' అనే మాట ఆకు కోసేవారి నోట పుట్టింది కాదు.

విలువ చూసేవాడి మనసులో వుంటుందని ఒక మిత్రుడు వాదిస్తాడు. అట్లాగైతే దొర మనసు మార్చుకుంటే సరిపోయేది, సంఘం దేనికి? అయితే అతని వాదంలో ఒక మెలిక నన్ను బాధిస్తుంది. దొర తూకంతో పనిచేసేవాడు తననే తూచుకుని, 'మాదేం పనిలెండి' అనడం అలవాటు చేసుకుంటాడు. అది కూడా మనసులోనే వుంటుంది, నిజమే. కాని అక్కడ దానిని పెట్టింది వేరొకరు.

2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషించాను. ఇక మన కాలేజీల్లో గదులు వూడ్చే మనిషిని పిల్లలు ఏమని పిలుస్తున్నారో, నెలకు ఆమె చేతికి ఎంత అందుతున్నదో, యిది చదివే ఉపాధ్యాయులు రేపు ఆమెనే అడిగి చూడండి.