గోడకుర్చీ వేసేముందు ఎవరి మాట వింటున్నావమ్మా

అమ్మడూ,

పోలీసు సెలక్షన్ల కోసం పొద్దున్నే పరుగు మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! కానీ నిన్న ఫోనులో నీ గొంతు వింటే మనసు చివుక్కుమంది. "రేపటికి కాళ్ళు కదలవట పెదనాన్నా, వారం రోజులు మెట్లు దిగలేనట" అన్నావు. ఇంకా రాని నొప్పికి అప్పుడే సగం లొంగిపోయావు. రాజీవ్ బీచ్‌లో నడకకి వచ్చే నలుగురూ నీ మీద ప్రేమతోనే ఆ మాటలు అని ఉంటారు. అయినా వాటిని ఒంటికి పట్టించుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

నీకు గోడకుర్చీ గుర్తుందిగా? మన బళ్ళలో లెక్క తప్పితే వేయించేవారు. డెన్మార్క్ పరిశోధకులు సరిగ్గా ఆ గోడకుర్చీనే 83 మంది ఆరోగ్యవంతుల చేత 3 నిమిషాలు వేయించారు. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ముందుగా వాళ్ళని మూడు గుంపులు చేశారు. ఈ వ్యాయామం చేశాక నొప్పి తెలియడం తగ్గుతుందని ఒక గుంపుకి, పెరుగుతుందని ఇంకో గుంపుకి చెప్పారు. మూడో గుంపుకి అటూ ఇటూ కాని మాట చెప్పారు. వ్యాయామానికి ముందూ తర్వాతా తొడ మీద నొక్కి, ఎంత ఒత్తిడికి నొప్పి మొదలవుతుందో కొలిచారు. మంచి మాట విన్నవాళ్ళు తట్టుకునే ఒత్తిడి సుమారు 22 శాతం పెరిగింది. చెడ్డ మాట విన్నవాళ్ళది పెరగకపోగా 4 శాతం తగ్గింది. అందరూ వేసింది ఆ మూడు నిమిషాల కుర్చీయే. మామూలుగా వ్యాయామం చేశాక కాసేపు నొప్పి తెలియడం తగ్గుతుంది, అది ఒంటికి సహజంగా వచ్చే లాభం. చెడ్డ మాట విన్నవాళ్ళకి ఆ ఒక్క మాటతో ఆ లాభం కాస్తా పోయింది.

అది చదివిన దగ్గర్నుంచీ నా మనసులో ఒకటే బాధ. మనం పిల్లలకి కసరత్తుని శిక్షగానే పరిచయం చేశాం. గుంజీళ్ళు శిక్ష, గోడకుర్చీ శిక్ష, గ్రౌండు చుట్టూ పరుగు శిక్ష. పదేళ్ళ వయసులో అవమానంతో కలిపి నేర్చుకున్న తొడనొప్పిని ఇరవై ఏళ్ళకి ఆరోగ్యం పేరు చెప్పి ఇష్టపడమంటే ఎలా? ఆ పాత జ్ఞాపకం కూడా నీ కాళ్ళ బరువులో కొంత ఉండొచ్చు తల్లీ. ఇప్పుడు నిన్ను ఎవరూ నిలబెట్టలేదు, నీ అంతట నువ్వే నిలబడ్డావు. పరుగుకి ముందు ఆ సంగతి ఒకసారి తలుచుకో.

"అయితే నా నొప్పి భ్రమంటావా?" అని అడుగుతావని తెలుసు. కానే కాదు. 2011లో ఒక ప్రయోగంలో బలమైన నొప్పిమందు నరంలోకి ఎక్కుతూ ఉండగానే, "మందు ఆపేశాం, ఇక నొప్పి పెరగొచ్చు" అని చెప్పారు. మందు ఎక్కుతూనే ఉన్నా దాని గుణం దాదాపు పోయింది. అంతకు చాలాముందు, 1978లో, అమెరికాలో పన్ను పీకించుకున్నవాళ్ళ మీద చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి తేలింది. ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవాళ్ళకి నల్లమందు గుణాన్ని అడ్డుకునే మందు ఇస్తే, ఆ ఉపశమనం పోయింది. అంటే నమ్మకం కలిగినప్పుడు మెదడు తనకు తానే నల్లమందు లాంటిది తయారుచేసుకుంటుందన్నమాట. భయం కూడా అలాగే ఒంట్లో నిజంగా పనిచేస్తుంది.

అలాగని నొప్పే ఉండదని నీకు అబద్ధం చెప్పను. అలా చెబితే మొదటి పోటుకే నా మీద నమ్మకం పోతుంది. అలవాటు లేని పరుగు తీస్తే తెల్లారాక కండరాలు పట్టేస్తాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు ఆ నొప్పి బాగా ముదిరి, తర్వాత దానంతటదే పోతుంది. ఎదుర్లంక వారధి మీదికి పరిగెడతానన్నావు కదా, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ మర్నాటి తొడనొప్పి ఎక్కువగా దిగుడు వల్లే. దిగేటప్పుడు కండరం సాగుతూ బరువుని ఆపాలి, అక్కడ సన్నటి దెబ్బలు తగులుతాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లేనని చాలామంది అంటారు గానీ, అది పరుగు ఆపాక గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. అదే వాలు మళ్ళీ కొన్నాళ్ళకి దిగితే నొప్పి బాగా తక్కువగా ఉంటుంది, కండరం అప్పటికి నేర్చుకుంటుంది. కాబట్టి రేపు కాళ్ళు పట్టేస్తే కంగారుపడకు. అనుకున్నదే వచ్చిందనుకో, మెల్లగా నాలుగడుగులు నడువు.

కొన్నిటి దగ్గర మాత్రం ధైర్యవచనాలు వద్దు. ఒకేచోట కత్తితో పొడిచినట్టున్నా, మోకాలో చీలమండో వాచినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, గుండెలో బరువనిపించినా పరుగు ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళు. సెలక్షన్ల గొడవ తర్వాత చూసుకుందాం.

ఆదివారం నుంచి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్తానన్నావట. వాడి ముందు "చచ్చానురా నాయనా" అంటూ మంచం మీద పడకు. "రెండు మూడు రోజులు పట్టేస్తుంది, తర్వాత దానంతటదే వదిలేస్తుందిరా" అని ఉన్నదున్నట్టు చెప్పు. మొదటి రోజు వారధి దాకా తీసుకెళ్ళకు, వాడికి బీచ్ చాలు.

మీ పెదనాన్న