డెబ్బై పెన్నీల పరీక్ష

ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పట్నంలో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు ఉండేవారు. ఎవరి దగ్గరా జీతానికి కుదరకుండా, సొంత వ్యాన్, సొంత మీటరు పెట్టుకుని పని చేసుకునేవారు. ఆ ఊరి ఆఫీసు ఒకదానిలో కెటిళ్లు, కంప్యూటర్లు, ల్యాంపులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు అన్నీ కలిపి 400 ఉండేవి. ఏటా వాటికి పాట్ టెస్టింగ్, అంటే విద్యుత్ పరికరాల భద్రతా పరీక్ష చేయించి, పాసైనవాటికి పచ్చ స్టిక్కర్ వేయించేవారు.

మొదటివాడు ఫోన్‌లోనే ధర చెప్పేశాడు. వస్తువుకు 70 పెన్నీలు, మొత్తం 280 పౌండ్లు. అంతకంటే చవక ఎవరూ లేరు కాబట్టి పని అతనికే దక్కింది.

పనిలో దిగాక అసలు సంగతి తెలిసింది. మీటరు పెట్టి చూడడానికి పట్టేది కాసేపే. బల్లల కిందికి దూరడం, కంప్యూటర్ ఆపమని ఒక్కొక్కరినీ బతిమాలడం, ప్లగ్గు విప్పి ఫ్యూజు చూసి మళ్లీ బిగించడం, జాబితా రాసుకోవడం, పొద్దంతా వీటికే పోయేది. సరిగ్గా చేస్తే గంటకు 12 కంటే సాగలేదు. ఆ లెక్కన నాలుగు రోజులు దాటుతుంది, రోజుకు 70 పౌండ్లు కూడా రావు. వ్యాన్ డీజిలు, ఇన్సూరెన్సు, మీటరు కాలిబ్రేషన్ ఖర్చు అందులోంచే పోవాలి. అతను రెండు రోజుల్లో ముగించాలనుకున్నాడు. ముందు ప్లగ్గులు విప్పడం మానేశాడు. తర్వాత ఇన్సులేషన్ పరీక్ష మానేశాడు. రెండో రోజు మధ్యాహ్నానికి స్టిక్కర్లు అంటించడం ఒక్కటే మిగిలింది. అతను మోసగాడు కాడు. మొదటి కెటిల్‌ను ఎంతో శ్రద్ధగా పరీక్షించాడు.

మరుసటి ఏడు ఆఫీసువాళ్లు రెండోవాణ్ణి అడిగారు. అతను ఫోన్‌లో ధర చెప్పలేదు, వచ్చి భవనమంతా తిరిగి చూశాడు. 1989 నాటి విద్యుత్ భద్రతా నిబంధనలు పరికరాలు ప్రమాదం లేకుండా ఉండాలంటాయే గాని, ప్రతిదానికీ ఏటా పరీక్ష జరగాలనవని వివరించాడు. బల్ల మీంచి కదలని కంప్యూటర్లను ఈ ఏడు కంటితో చూస్తే చాలని, రోజూ చేతులు మారే 90 వస్తువులను మాత్రం పూర్తిగా పరీక్షిస్తానని చెప్పాడు. దానికి రోజు కూలి లెక్కన 250 పౌండ్లు అడిగాడు. వస్తువు లెక్కన చూస్తే నాలుగింతలు కావడంతో వాళ్లు ఉలిక్కిపడ్డారు. మొత్తం చూశాక ఒప్పుకున్నారు.

అతను ఒక్కో ప్లగ్గూ విప్పి చూశాడు. 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన ల్యాంపులో 13 ఆంపియర్లది దొరికింది. వాక్యూమ్ క్లీనర్ తీగకు పైతొడుగు ప్లగ్గులోంచి జారిపోయి లోపలి వైర్లు కనిపిస్తున్నాయి. దాని మీద నిరుటి పచ్చ స్టిక్కర్ ఉంది.

పని చేజారిందని విన్న మొదటివాడు తన ధర ఎక్కువైందనుకుని 50 పెన్నీలకు దిగాడు.

నీతి: ధర తగ్గించిన ప్రతిసారీ తన లాభమే తగ్గుతోందని అతను అనుకున్నాడు, నిజానికి తగ్గింది పరీక్ష. పనికి పట్టే కాలాన్ని ధరలో కలపనివాడు దాన్ని పనిలోంచే కోసుకోవాలి, ఆ కోత పడేది రేపు ఆ వాక్యూమ్ క్లీనర్ పట్టుకునే మనిషి మీద. అందుకే ఇలాంటి పనిలో గిట్టుబాటు ధర అడగడం అత్యాశ కాదు, ఆ మనిషి పట్ల బాధ్యత.