నిలిచి వినువాడు

వాక్యభాగము: మార్కు 10:46–52



యెరికో త్రోవప్రక్కన కూర్చుండిన గ్రుడ్డి బిచ్చగాడు బర్తిమయి మనకందరకు తెలిసినవాడే. అతడు ప్రభువును కేకవేసి పిలిచినప్పుడు, ఊరకుండుమని అనేకులు వానిని గద్దించిరి. వారు దుర్మార్గులు కారు. యేసుతో కూడ నడచుచున్నవారే. అయినను ఆ కేక వారి చెవికి అల్లరిగా తోచెను. ప్రభువు చెవికి అది ప్రార్థనగా వినబడెను. ఆయన నిలిచి, వానిని పిలిపించెను. ఆ నిలుచుటను గూర్చి ఈ నెల మనము ధ్యానించుదము.

ఇప్పుడు మన పట్టణములలో చిన్న రికార్డింగు స్టూడియోలు వెలసినవి. మన యౌవనస్థులు క్రొత్త కీర్తనలను అక్కడ పాడి రికార్డు చేయించుకొనుచున్నారు. అట్టి గదికి పోయినవారిని అడిగిచూడుడి. పాడువాడు మైకు ముందర ఒక గంట నిలుచును. అద్దమునకు ఆవల కూర్చున్నవాడు దినమంతయు వినుచునే యుండును. వినుటయే వాని వృత్తి. అట్టివాని చరిత్ర ఒకటి మనకు పాఠముగా నున్నది.

అమెరికా దేశమందు ఆలబామా రాష్ట్రములో 1923లో పుట్టిన సామ్ ఫిలిప్స్ ప్రత్తి పండించు కౌలురైతు కుమారుడు. చేలలో నల్లవారును తెల్లవారును పనిచేయుచు పాడు పాటలను బాల్యముననే వినెను. సైలస్ పేన్ అను అంధుడైన నల్లజాతి వృద్ధుడు వారి యింట ఆశ్రయము పొంది, ఈ పిల్లవానికి కథలు చెప్పి పాటలు పాడి వినిపించుచుండెను. ఒక బర్తిమయి స్వరము ఆ పసివాని హృదయములో నిలిచిపోయినది.

పెద్దవాడైన తరువాత అతడు మెంఫిస్ నగరములో రేడియోలో పనిచేయుచు, యూనియన్ వీధిలోని 706వ నంబరు చిన్న దుకాణమును అద్దెకు తీసికొని 1950 జనవరిలో రికార్డింగు గదిగా తెరచెను. మారియన్ కీస్కర్ అను స్త్రీ అతనికి తోడ్పడెను. అద్దె గడచుటకు పెండ్లిండ్లకును భూస్థాపనలకును యంత్రమును మోసికొనిపోయి రికార్డు చేయుచుండెను. అక్కడ పాడినవన్నియు భక్తి పాటలు కావు. వాటిని మెచ్చుకొనుటకు మేమిది వ్రాయుట లేదు. ఆ చెవిని గూర్చి మాత్రమే వ్రాయుచున్నాము.

మొదటిది, అతడు తలుపు తెరచెను. ఆ దినములలో ఆ నగరమున నల్లవారికి బడులు వేరు, బస్సులో కూర్చుండు చోటు వేరు, నీళ్ళు త్రాగు చోటు సహితము వేరు. అట్టి కాలమున అతని గదిలో నల్లజాతి పాటగాండ్రు మైకు ముందర నిలిచి పాడిరి. 1953 జూను 1న అయిదుగురు నల్లజాతి ఖైదీలు నాష్‌విల్ చెరసాలనుండి తుపాకులు పట్టిన కావలివారి నడుమ సుమారు 200 మైళ్ళు ప్రయాణము చేసి అక్కడికి వచ్చి పాడిరి. లోకము సంఖ్యలతో పిలుచు మనుష్యులకు ఆ ఒక్కదినము స్వరము కలిగెను.

రెండవది, అతడు లోపమును చూచి త్రోసివేయలేదు. 1951 మార్చిలో మిసిసిపీ నుండి ఒక బృందము కారులో వచ్చుచుండగా, దారిలో వారి గిటారు యాంప్లిఫయరు దెబ్బతిని, స్పీకరులోని కాగితపు డొప్ప చిరిగెను. బాగుచేయించుటకు వ్యవధి లేదు. ఫిలిప్స్ ఆ చిరుగులో కాగితము కుక్కి, బొంగురుగా వచ్చిన ఆ ధ్వనినే రికార్డు చేసెను. ఆ సంవత్సరమే ఆ పాట దేశమంతట వినబడెను. చిరిగిన స్పీకరు విషయమై ఒక మనుష్యునికి ఇంత ఓర్పు ఉన్నయెడల, నలిగిన హృదయమును గూర్చి ప్రభువునకు ఎంత ఓర్పు ఉండును!

మూడవది, అతడు అనుకొనని వేళ వినెను. 1953 వేసవిలో బిడియస్థుడైన యొక యౌవనుడు సుమారు 4 డాలర్లు చెల్లించి తన కొరకు ఒక రికార్డు చేయించుకొనెను. అతడే ఎల్విస్ ప్రెస్లీ. దాదాపు సంవత్సరము గడచిన తరువాత గాని ఫిలిప్స్ అతనిని పాడుటకు పిలువలేదు. 1954 జూలై 5 రాత్రి ఎంత పాడినను పని ఫలింపలేదు. విశ్రాంతి వేళ ఆ పిల్లవాడు ఊరకనే గెంతుచు ఒక పాట ఎత్తుకొనెను. ఫిలిప్స్ తల బయట పెట్టి, అదేమని అడిగి, మొదటినుండి మరల పాడుమనెను. వారు వెదకుచుండినది ఆ విరామములో దొరికెను.

అయితే ఈ చరిత్ర ఇంతటితో ముగిసిన మనకు సంతోషమే గాని సత్యము కాదు. 1955 నవంబరులో, డబ్బు ఇబ్బందిలోనున్న ఫిలిప్స్ ఆ యౌవనుని ఒప్పందమును పెద్ద కంపెనీకి 35,000 డాలర్లకు విక్రయించెను. గది నిలిచెను, పేరు పెరిగెను. తెల్లజాతి యౌవనులు వరుసగా వచ్చిరి. మొదట వచ్చిన నల్లజాతి గాయకులకు ఆ తలుపు ఇరుకైపోయెను. 1953లో తన రికార్డుతో ఆ సంస్థకు మంచి అమ్మకము తెచ్చిన రూఫస్ థామస్, మమ్మును విడిచిపెట్టెనని తరువాతి కాలమున బహిరంగముగానే తన బాధ చెప్పుకొనెను.

ప్రియులారా, ఇది మెంఫిస్ కథ మాత్రమేనా? ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించినది దీనినే. తిని తృప్తిపొంది మంచి యిండ్లు కట్టుకొన్న దినమున మరపు వచ్చును. తాటాకు పాకలో కూడుకొన్న దినములలో మన సంఘములయందు కూలి చేసికొను తల్లి పాట ఎత్తుకొనగా అందరము అందుకొంటిమి. ఇప్పుడు స్లాబు మందిరము వచ్చెను, మైకు వచ్చెను. ఆ తల్లి ఎక్కడ కూర్చున్నది? మైకు ఎవరి చేతిలో నున్నది? వాడు ఏ పేటవాడని అడిగి తెలిసికొనిన తరువాతనే కదా మనము చెవి యొగ్గుచున్నాము! బంగారు ఉంగరము గలవానిని గూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో వ్రాసినది మనకు కంఠత వచ్చును; బల్లలు వేయు వేళ మరచిపోవుదుము.

మేమును ఈ తప్పిదమునకు దూరస్థులము కాము. ప్రార్థన కూటములలో తడబడుచు సాక్ష్యము చెప్పు వృద్ధుని, కాలము చాలదని మేమే కూర్చుండబెట్టితిమి. ఆయన చెప్పదలచినదేమో మేము ఎరుగము. ఇక అడుగుదమన్నను ఆయన లేడు.

కాబట్టి ఈ నెల ప్రతి సంఘమును ఒక్క పని చేయుదము. ఒక ఆదివారము, ఇంతవరకు ఎన్నడును పాడుమని అడుగబడని యొకరిని పిలిచి, వారికి వచ్చిన కీర్తన పాడుమందము. శ్రుతి తప్పినను గద్దింపక తుదవరకు విందము. యెరికోనుండి బయలుదేరిన గుంపు ఆగినది ఒకని కొరకే గదా!

ప్రార్థన: మా కేక విని నిలిచిన ప్రభువా, మా తోడివారి కేక విని నిలుచు చెవిని మాకు దయచేయుము. మేము వర్ధిల్లు దినమున మొదట మాతో పాడినవారిని మరువకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.