చక్రముల మీది ఇల్లు: స్థావరమా, జంగమమా?

వెల్గటూరు మండలములోని కోటిలింగాల చెంత పెద్దవాగును కలుపుకొని సాగు గోదావరి తుదకు అంతర్వేది వద్ద బంగాళాఖాతమున లీనమగును. ఆ నీటిని చూచుచు పెరిగిన బిడ్డలకు అది చేరు సముద్రమును చూడవలెనను కోరిక కలుగుట సహజము. నేడు వంటగదియు పడకలును అమర్చిన కారవాను బండ్లు అద్దెకు లభించుచున్నవి. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి యాత్రలకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. ఇల్లు విడచి పోవుటకు మారుగా ఇంటితోనే పోవు కాలము వచ్చినది.

స్థావరమనగా నిలిచియుండునది, జంగమమనగా చలించునది. 12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకే పెద్దపీట వేసెను. ఇష్టలింగమును ధరించిన భక్తునకు దేహమే ఆలయము గనుక, అతడెచ్చటికి పోయినను ఆలయము వెంటనే యుండును. మరి కదలుచున్న ఇల్లు జంగమమగునా?

ఒక దృష్టాంతమును గైకొందము. వెల్గటూరు కుటుంబమొకటి అట్టి బండిలో విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు తీరమార్గమున పోవుచున్నదనుకొందము. ఎడమవైపు కొండలు, కుడివైపు కడలి. ఋషికొండ దాటి, తొట్లకొండపై బౌద్ధ శిథిలములను దర్శించి, గోస్తని సముద్రమున కలియు భీమిలిలో రాత్రికి ఆగిరి. బండిలో పడకలు నాలుగు. మనుష్యులు ఐదుగురు: బాపమ్మ, దంపతులు, పడుచు కుమారుడు, డ్రైవరు. పడక ఎవరికి లేకుండవలెను?

డ్రైవరునకే యని పలువురు తలపకయే నిశ్చయింతురు. అతడు సీటులో ఒరిగి పండుకొనును. తెల్లవారి అందరును సూర్యోదయమును చూచుచుండగా ఇల్లాలు పొయ్యివద్ద నిలిచియుండును. ఊరిలోని ఇంటి కట్టుబాటులన్నియు చెక్కుచెదరక ఇచ్చటికి వచ్చినవి. బండి వందల మైళ్లు కదలినది. మనస్సు గడప దాటలేదు. చక్రములు తగిలించినను అది స్థావరమే.

“కూలి ఇచ్చుచున్నాము గదా! ఇంకేమి ఋణము?” అని అడుగవచ్చును. కూలి అతని కాయకమునకు చెల్లవలసిన ఫలము. దానితో పని కొనవచ్చును గాని, మనిషిని తక్కువచేయు అధికారమును కొనరాదు. బాటసారులను ఏరు దాటించు అంబిగర చౌడయ్య శరణులలో ఒకడై, వచనకారుడై వెలసెను. అతని కాయకము పడవ నడుపుట. రథచోదకుని కాయకము అంతకంటె తక్కువది యెట్లగును? పైగా, నిద్రలేని కన్నులకు ఐదు ప్రాణములను అప్పగించుట వివేకము కాదు. ఈ విషయమున ధర్మమును, క్షేమమును ఒకే మాట చెప్పుచున్నవి.

కావున పడక విడువవలసినవాడు పడుచు కుమారుడు. పొయ్యి ముట్టింపవలసినవాడు, ఒక పూటయైనను, ఇంటి యజమాని. పంక్తిలో డ్రైవరునకును విస్తరి పడవలెను. దీనిని దాసోహమని చెప్పుకొని గర్వింపనక్కరలేదు. దాసోహము దీనికి ఆవలి మెట్టు. ఇది న్యాయము మాత్రమే.

విహారము పాపము కాదు. కాయకము చేసి అలసినవారికి విశ్రాంతి తగును. సముద్రము శివుని సృష్టియే. అయితే ఆ విశ్రాంతి బండిలోని అందరికిని అందినదా యని తిరిగి వచ్చిన దినమున బాపమ్మను గాక, ఇల్లాలిని, డ్రైవరును అడిగి చూడవలెను. వారి ముఖములు వికసించినచో ఆ ఇల్లు నిజముగా కదలినదని ఎరుంగునది.