గొట్టంల ఇరికిన కోను

నాయిన పోయినంక ఆయన సైకిలు మూలకు పడ్డది. చెప్పుల సంచి తగిలించుకొని ఊరూరు తిరిగిన సైకిలది. దొర ఇంటి ముందు దిగి నడిపించుకపోయిన సైకిలు కూడా అదే. దాన్ని బాగుచేయించి బడికి నేనే తొక్కుదామని, మొన్న వానకాలం ఒక ఆదివారం తొర్రూరుల ఒక షాపుకు తీసుకపోయిన.

హ్యాండిలు కాడ లోపల పొడుగు బోల్టు, దాని కొసకు కోను నట్టు ఉంటయి. బోల్టు బిగిస్తే కోను పైకి లేచి, కాడను వెడల్పు చేసి ఫోర్కు గొట్టానికి పట్టిస్తది. తీయాలంటే బోల్టు కొద్దిగ వదులు చేసి తల మీద సుత్తెతో ఒక్కటెయ్యాలె. షాపాయన తొందరల బోల్టు మొత్తం ఇప్పిండు. గుంజితే కాడ వచ్చింది గానీ, తుప్పు పట్టిన కోను గొట్టంలనే ఉండిపోయింది. పైనుంచి చువ్వ పెట్టి కొట్టిండు. ఇంకా దిగింది. "ఫోర్కే మార్చాలె సారూ" అన్నడు.

మూలకు పంచరు ఏస్తున్న పిలగాడు లేచి వచ్చిండు. షాపాయన మేనల్లుడు, మా బడిల ఆరో తరగతి. భిన్నాలు రావని వారం కిందనే నలుగురిల నిలబెట్టి "నీ తలకాయల మట్టి ఉన్నదిరా" అన్న. ఆ పిలగాడే.

"పైనుంచి కొడితే ఇంకా ఇరుకుతది. కిందికెల్లి కొట్టాలె సారూ."

ముందు చక్రం తీసిండు. మడ్గార్డు బోల్టు ఇప్పిండు. గొట్టంల డీజిల్ పోసి "చాయ తాగి రాండ్రి" అన్నడు. నేను పోలే. అర్ధగంట ఆగి కిందికెల్లి చువ్వ పెట్టి చిన్నచిన్న దెబ్బలేసిండు. చెవి దగ్గర పెట్టి విన్నడు. చప్పుడు మారంగనే చువ్వ ఇంకో పక్కకు జరిపిండు. కోను బయట పడ్డది.

'మీ మామ కంటే నయంరా' అనబోయి ఆగిపోయిన.

మా తాత పనితనాన్ని దొర మస్తు మెచ్చుకునేటోడట. మెచ్చుకునే, నాయినను బడికి పోనియ్యలే. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ బడి గంటలు తగ్గించి, మిగిలిన పొద్దు పిల్లలు ఇంటి పని నేర్చుకోవాలన్నడు. అది కులవిద్య అని పెరియార్ ఎదురు తిరిగిండు. 1954లో ఆ పథకం పోయింది. పోయిందా? 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించిన్రు. 14 ఏండ్ల లోపు పిల్లలు బడి అయినంక, సెలవుల్ల ఇంటోళ్ల పనికి సాయపడొచ్చట. ఇంటోళ్లంటే అండ్ల మేనమామ కూడా ఉన్నడు. చట్టం లెక్కన ఈ పిలగాడు పని చేస్తలేడు, సాయం చేస్తున్నడు.

మరి మెచ్చుకోకుంటే? లందలో తోలు నానబెట్టుడు కూడా శాస్త్రమేనని కంచ ఐలయ్య రాస్తే చదివి చప్పట్లు కొట్టినోన్ని నేను. నాయిన కాలు చూసి, కొలవకుండ చెప్పు కోసేటోడు. అదెట్ల వచ్చిందని డిగ్రీ చదివిన కొడుకు ఒక్కనాడు అడగలే. పనిని మెచ్చుకుంటే పిలగాణ్ణి ఆ మూలకే కట్టేసినట్టా? కాదంటే నాయినను దొర ముందు నేనే ఇంకోసారి దించినట్టా? ఈ లెక్క నాకు రాదు. నా తలకాయల ఏమున్నదో మరి.

సోమవారం వాడు బడికొచ్చిండు. గోర్లల్ల గ్రీసు పోలే. నలుగురిల అన్న మాట నలుగురిలనే వాపసు తీసుకోవాలె గదా. తరగతి ముందు నిలబడి, ఆ మాట అనుడు నా తప్పన్న. షాపు ముచ్చట ఎత్తలే. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. వాడు తల దించుకున్నడు.

బోర్డు తుడిచి, భిన్నాలు మళ్ల మొదటికెల్లి షురూ చేసిన.