మూజువాణి ఓటులో పేర్లుండవు

గర్భస్రావ చట్టానికి చేసిన సవరణను లోక్‌సభ 2020 మార్చి 17న, రాజ్యసభ 2021 మార్చి 16న మూజువాణి ఓటుతోనే ఆమోదించాయి. కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 20 వారాల నుంచి 24కు పెరిగింది. పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ గడువు కూడా అడ్డురాదు. అప్పుడు కర్నూలు ఎంపీ స్వయంగా డాక్టరైన సంజీవ్ కుమార్, కడప ఎంపీ అవినాష్ రెడ్డి. లోక్‌సభలో లేచిన ఆ ‘ఔను’లో వీరి గొంతు కలిసిందో లేదో ఏ రికార్డూ చెప్పదు. తప్పు వారిది కాదు, ఆ పద్ధతే అంత. అమెరికాలో ఒబామా ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్నప్పుడు, గర్భస్రావం తర్వాత కూడా ప్రాణంతో పుట్టిన శిశువుల బిల్లులపై ఎటు నిలిచారో 2008 ఎన్నికల్లో ప్రత్యర్థులు తవ్వి తీయగలిగారంటే, అక్కడ రాసిపెట్టిన ఓటు ఉంది కాబట్టే. మన దగ్గర తవ్వడానికే ఏమీ లేదు.

కడుపులోని పిండం విషయంలో మతాలకు పొత్తు కుదరదు. ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను ఘోర పాపాల్లో లెక్కగట్టాయి. కర్నూలు, కడప డయాసిస్‌ల కతోలికులకు గర్భం నిలిచిన క్షణం నుంచే అది మనిషి ప్రాణం. ముస్లిం ధర్మవేత్తల్లో చాలామంది 120 రోజులకు ఆత్మ చేరుతుందంటారు. కానీ బిడ్డ బయటపడి ఊపిరి తీసిందా, ముగ్గురూ ఒక్క మాటమీదికి వస్తారు. జాతకర్మ బొడ్డు కోయకముందే చేయమంటుంది శాస్త్రం. ముస్లింలు పసిబిడ్డ చెవిలో అజాన్ చెబుతారు. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు పాదిరి దొరక్కపోతే నర్సయినా బాప్తిస్మం ఇవ్వవచ్చంటుంది కతోలిక చర్చి. ఈ ఆచారాల్లో ఏదీ ‘ఎన్నో వారంలో పుట్టావు? నువ్వు కావాలనుకున్న బిడ్డవేనా?’ అని అడగదు. అందుకే గర్భస్రావం తప్పా ఒప్పా అనే తగువు తేలకపోయినా, పుట్టిన బిడ్డ బాధ్యత ఎవరిదో చట్టం తేల్చవచ్చని నా వాదన. ఆ పని పార్లమెంటు చేయలేదు, కోర్టులకు వదిలేసింది. బిడ్డ ప్రాణంతో పుడితే, తల్లిదండ్రులు సాకలేకపోతే ప్రభుత్వమే పూర్తి బాధ్యత తీసుకోవాలని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన కేసు ఇంకా కష్టమైనది. ఇద్దరు పిల్లల తల్లి, మానసిక వ్యాధికి మందులు వాడుతున్న మనిషి, గర్భం 26 వారాలు దాటింది. ఇప్పుడు బయటికి తీస్తే బిడ్డ బతికే అవకాశముంది, గుండె ఆపమంటారా అని ఎయిమ్స్ డాక్టరు అడిగారు. కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తుల్లో, తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన హిమా కోహ్లి అందుకు ఒప్పుకోలేకపోయారు. తల్లి నిర్ణయమే చెల్లాలని రెండో న్యాయమూర్తి నాగరత్న అన్నారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించి, కాన్పు ఖర్చు ప్రభుత్వం మీద పెట్టింది.

ప్రాణంతో పుట్టిన బిడ్డ బాధ్యతపై చట్టం తేవడం స్త్రీ హక్కుకు దొడ్డిదారిన గండికొట్టడమేనని కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు, అమెరికాలో ఇలాంటి బిల్లుల్ని ఆయుధంగా వాడినవాళ్లున్నారు. అయితే ఆమె హక్కు తన శరీరం మీద. గర్భం దిగిపోయాక ఆ బిడ్డను వార్మర్‌లో పెడితే ఆమెకు పోయేదేమీ లేదు, పెంచమని ఆమెను ఎవరూ బలవంతపెట్టనంతవరకు. ఇలాంటివి ఏ నూటికో కోటికో అన్న మాట కూడా వినబడుతుంది. ఆదోని, ఆలూరు, కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోయే గర్భిణిని తలుచుకోండి. పిండంలో లోపాలు చూసే టిఫా స్కాన్ అయిదో నెలలో చేయించాలి, ఆ నెలలో ఆమె ఎక్కడో చేలో ఉంటుంది. లోపం ఆలస్యంగా బయటపడుతుంది, కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి వారాలు దాటిపోతాయి. బిడ్డ బతికే వయసు వచ్చాక గర్భం తీయాల్సిన పరిస్థితి ఎక్కువగా ఇలాంటి పేదరాలికే వస్తుంది. బిడ్డ ప్రాణంతో బయటపడ్డ ఆ రాత్రి ఏం చేయాలో డ్యూటీ డాక్టరు మనస్సాక్షికి వదిలేయడం ఆయనకూ అన్యాయమే.

అలాంటి చట్టం తెచ్చేటప్పుడు పేర్లు రాసే ఓటు (డివిజన్) పెడితే మన ఎన్నికలూ అమెరికా దారి పడతాయనేది నాకు బరువుగా తోచే అభ్యంతరం. కానీ 1971 నాటి అసలు చట్టం నుంచి ఇప్పటిదాకా ఈ విషయం మీద మన దగ్గర ఓట్లడిగినవాళ్లు దాదాపు లేరు, ఒక్క డివిజన్‌తో ఆ గుణం మారిపోదు. ఇక విప్ సంగతి. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ మాట దాటి ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు, అలాంటప్పుడు ఎంపీని నిలదీసి లాభమేమిటంటారు. ఇటువంటి బిల్లుకు విప్ ఇవ్వకుండా ఉండటం పార్టీల చేతిలో పనే. ఇచ్చారంటే ఆ ఓటు పార్టీ నాయకుడిది, జవాబు కూడా ఆయన్నే అడగవచ్చు.